చీకట్లో ఉంచవలసిన ప్లేట్లు

ఆ సంస్థలో ఆమె అసలు పేరు ఎవరి నోటా వినబడేది కాదు. అధికారులు మొదలుకొని కాపలావాడి వరకు అందరికీ ఆమె నిదానమ్మ. ఔషధ మొక్కల తునకలను గాజు సీసాలలో పెంచే ప్రయోగశాలలో ఆమె చేరిన కొత్తలో, పని నేర్పిన పెద్దావిడ "నిదానం తల్లీ, నిదానం" అని అస్తమానమూ హెచ్చరిస్తూ ఉండేదట. ఆ మాటను ఈమె ఎంతగా ఒంట బట్టించుకున్నదంటే, కొన్నాళ్ళకు ఆ పెద్దావిడకే విసుగు పుట్టి, "నిదానించమన్నాను గాని నిద్రపొమ్మన్నానా?" అని నెత్తి కొట్టుకున్నదట. విసుక్కున్నావిడ పదవీ విరమణ చేసి వెళ్ళిపోయింది. పేరు మాత్రం ఇక్కడే మిగిలిపోయింది.

గాజు సామాను కడిగే సీసాలాయనకు ఆమెను చూస్తే నోరు ఊరుకోదు. "నిదానమ్మగారూ, మీరా గుమ్మం దాటి ఈ గుమ్మంలోకి వచ్చేలోపు నేనీ సీసాలన్నీ కడిగి, ఆరబెట్టి, ఓ పెళ్ళికి కూడా వెళ్ళొచ్చేస్తాను" అనేవాడు.

"వెళ్ళిరావయ్యా. నీ పెళ్ళికే అయితే మాత్రం ఇంట్లో చెప్పి వెళ్ళు" అనేది ఆమె, తల ఎత్తకుండానే.

తల ఎత్తకపోవడం పొగరు వల్ల కాదు. ఆమె పని అటువంటిది. వడగట్టిన గాలి వీచే గాజు అర ముందు కూర్చుని, మోచేతుల దాకా స్పిరిటుతో తుడుచుకుని, కత్తిని మంటలో కాల్చి చల్లార్చి, మొక్క తునకను ఒక సీసాలో నుండి తీసి మరొక సీసాలోని పోషకాల జెల్లీ మీద ఉంచాలి. ఆ మధ్యలో దగ్గినా, తుమ్మినా, తొందరపడినా కంటికి కనపడని బూజు రేణువొకటి లోపలికి జారుకుంటుంది. వారం తిరక్కముందే సీసా అంతా నెరసిన గడ్డంలా తయారవుతుంది. ఆమె చేతుల మీదుగా ఎక్కిన సీసాలు అటువంటి దుర్గతికి లోను కావడం అరుదు.

కొడుకు ఆమెకు పూర్తిగా విరుద్ధం. తండ్రి లేని ఆ పిల్లవాడు నడక నేర్చిన నాడే పరుగూ నేర్చాడు. పెద్దవాడై అదే సంస్థలో, కొండలూ లోయలూ తిరిగి మొక్కలు సేకరించి తెచ్చే ఉద్యోగం సంపాదించుకున్నాడు. బురద బూట్లతో ప్రయోగశాల గుమ్మంలో నిలబడి, "అమ్మా, కొండెక్కి దిగడం నాకు పూట పని. దాన్ని సీసాలోకి ఎక్కించడానికే నీకు యుగాలు పడుతోంది" అని కేకలు వేసేవాడు.

పక్క గదిలో సూక్ష్మదర్శిని చూసే అమ్మాయిని చేసుకుంటానన్న సంగతి కూడా ఆ గుమ్మంలో నిలబడే చెప్పాడు.

"ఎలా ఉంటుందిరా?" అన్నది తల్లి.

"మొహం నేను మాత్రం సరిగ్గా ఎక్కడ చూశానమ్మా? ఎప్పుడెళ్ళినా ఆ గొట్టాలకే అతుక్కుని ఉంటుంది. సన్నటి మొహం. రెండు కళ్ళూ చోటు చాలక ఇరుక్కుని కూర్చున్నట్టుంటాయి."

"నాకిక్కడికి వినిపిస్తోంది!" అని పక్క గదిలో నుండి జవాబు వచ్చింది.

అట్లా ఆ ఇంటికి కోడలు వచ్చింది. ముగ్గురూ ఒకే బస్సులో పనికి వెళ్ళి ఒకే బస్సులో తిరిగి వచ్చేవారు. ఆ ముచ్చట ఎంతో కాలం సాగలేదు. నొప్పుల మందులో వాడే ఒక చిన్న పొద, రాతి పగుళ్ళలో తప్ప మొలవనిది, ఒక కొండ చరియ మీద కనపడగా దాని కోసం దిగిన కొడుకు, కాలి కింది రాయి ఊడి లోయలోకి జారిపోయాడు. వెంట ఉన్నవారు అతడినీ, అతడి సంచినీ కలిపి తెచ్చారు. సంచిలో, తడిగుడ్డలో చుట్టిన ఆ మొక్క ఉన్నది.

ఇంటి నిండా మనుషులు ఉండగానే నిదానమ్మ ఆ తడిగుడ్డను పట్టుకుని ప్రయోగశాలకు బయలుదేరింది. చూసినవారు ముక్కున వేలేసుకున్నారు. "ఆకులు వాడిపోతాయి" అని మాత్రం అన్నది ఆమె. ఆ పూట ఆమె ఆకులు కడిగి, ముక్కలు కోసి, జెల్లీ మీద పెట్టిన తీరు చూసిన సీసాలాయన, "ఆవిడ చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదండీ. నాకే భయమేసింది" అని తరువాత నలుగురి దగ్గరా చెప్పుకున్నాడు.

ఆకు ముక్కలు చిగురించలేదు. వాటి అంచుల నుండి లేత పసుపురంగు కణజాలం, ఆకూ కాదు వేరూ కాదు, మెత్తని ముద్దగా పెరిగింది. ప్రయోగశాలలో దానిని ముద్ద అనే అంటారు. ముద్ద పెరిగితే ముక్కలు చేసి కొత్త జెల్లీ మీదికి మార్చాలి. అది మళ్ళీ పెరుగుతుంది. అట్లా ఏళ్ళు గడిచాయి. ఈలోగా ఆ కొండను రాయి కోసం తవ్వి నేలమట్టం చేశారు. మరెక్కడా ఆ పొద దొరికిన జాడ లేదు. ఎన్ని విధాల ప్రయత్నించినా ముద్ద నుండి ఒక్క చిగురైనా రాలేదు. అయినా ఆ సీసాలు అరలో ఉన్నంత కాలం కొడుకు చేతిలోనిది ఏదో ఇంకా పెరుగుతూనే ఉన్నదని నిదానమ్మకు ఒక నిబ్బరం.

కోడలు ఆమెతోనే ఉండిపోయింది. ఇద్దరి మధ్యా పొరపొచ్చాలు లేవు, మాటలూ లేవు. గొడుగు తీసుకున్నావా, గ్యాసు కట్టావా, బస్సు వస్తోంది అన్నంత వరకే. కొడుకు ప్రసక్తి వచ్చే దారులన్నిటినీ ఇద్దరూ చెరొక వైపు నుండి మూసివేశారు. కోడలు తన సూక్ష్మదర్శిని గదిలో నుండి ఆ సీసాల అర దాకా ఏనాడూ రాలేదు. ఆ అమ్మాయి మనసు రాయి చేసుకున్నదని అత్తగారు అనుకున్నది.

ఒకనాడు ముద్దలు గోధుమరంగుకు తిరగడం మొదలైంది. ఎప్పటి నుండి దాగి ఉన్నదో గాని, కణజాలం లోపలనే ఒక సూక్ష్మజీవి ఉన్నట్టు తేలింది. ఒకదాని తరువాత ఒకటిగా సీసాలు పాడయినాయి. ప్రయోగశాలకు పెద్ద అయిన శాస్త్రజ్ఞుడు, అందరూ పెద్దసారు అని పిలిచే ఆయన, మిగిలిన కాస్త శుభ్రమైన ముద్దను వెలుతురుకు పట్టి చూసి, నిదానమ్మను కూర్చోమన్నాడు.

"ఇక ఇలా మార్చుకుంటూ పోతే లాభం లేదమ్మా. ఇదీ పోతుంది. ఒక్కటే దారి. కణాల చుట్టూ ఉన్న గోడలు కరిగించేసి, దేనికది విడిగా పెంచి చూద్దాం. వేలకు వేలు వస్తాయి. అందులో సూక్ష్మజీవి లేనిదీ, చిగురు వేసే గుణం ఉన్నదీ ఒక్కటి దొరికినా చాలు, మొక్క వచ్చేస్తుంది."

"వేరే మొక్కలకి చేశానండి. గోడ తీసేస్తే వాటికి ఏం తట్టుకునే శక్తి ఉండదు."

"గోడ మళ్ళీ కట్టుకునేదాకానే. ఆ తర్వాత ఫరవాలేదు."

"ఉన్నదాంట్లో కొంత తీసి తల్లి సీసాగా పక్కన ఉంచుకుందామండీ. ఎప్పుడూ ఉంచుతాం కదా."

"దేన్ని ఉంచుతారమ్మా? ఉన్నదే ఇంత. ఇందులో సగం తీస్తే దానికీ చాలదు, దీనికీ చాలదు."

నిదానమ్మ ఒక పూటంతా ఆలోచించి, ఉన్నదంతా పెట్టడానికి ఒప్పుకున్నది.

ముద్దను పల్చని పొరలుగా తరిగి, మానిటాల్ అనే తీపి పదార్థం కలిపిన నీటిలో నానబెట్టింది. కణానికి గోడ ఉన్నంత కాలం మామూలు నీరంటే భయం లేదు. గోడ పోయిన కణం మాత్రం చుట్టూ ఉన్న నీటిలో తగినంత తీపి లేకపోతే, తాగి తాగి ఉబ్బి పగిలిపోతుంది. అందువలన మొదటి నుండి చివరి దాకా ఆ తీపి నీరే దానికి ఆధారం. తరువాత, బూజుల నుండి తీసిన ఎంజైముల ద్రావణం పోసి చీకటిలో ఉంచింది. కణానికీ కణానికీ నడుమ ఉన్న జిగురూ, కణాల గోడలూ అందులో మెల్లగా కరిగిపోయాయి. ఆ ద్రవాన్ని సన్నని నైలాను జల్లెడలో వడగట్టి, చాలా నెమ్మదిగా తిప్పే యంత్రంలో పెట్టి, అడుగుకు దిగినదానిని చిక్కని చక్కెర ద్రావణం మీదికి చేర్చింది. చచ్చినవీ చెత్తా కిందికి దిగగా, బతికి ఉన్నవి పైకి తేలి లేత పసుపురంగు వలయంగా నిలిచినాయి. ఆ వలయాన్ని వెడల్పాటి మూతి గల గొట్టంతో, ఊపిరి బిగబట్టి ఆమె తీసుకున్నది. ఆ గొట్టం చివర ఇరుకైతే చాలు, అందులో నుండి పోతూనే అవి చితికిపోతాయి.

ఒక చుక్కను పరీక్షకు పక్క గదికి పంపింది. కోడలు గొట్టాలకు కళ్ళు ఆనించి గాజు పలకను అటూ ఇటూ జరుపుతూనే ఉన్నది. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న నిదానమ్మ ఇక ఆగలేకపోయింది.

"ఏమైందే?"

"గుండ్రంగా ఉన్నాయత్తయ్యా" అన్నది కోడలు. ఆ గొంతు ఆమె ఏళ్ళ తరబడి వినలేదు. "ఎంత గుండ్రంగా ఉన్నాయో! రంగు వేస్తే మెరుస్తున్నాయి. బతికే ఉన్నాయి. చాలా ఉన్నాయి."

మిగిలిన ద్రవాన్ని గాజు ప్లేట్లలో పల్చగా పోసి, అంచులకు సాగే మైనపు పొర చుట్టి, ప్లేట్ల మీద రేకు కాగితం కప్పి, చీకటి పెట్టెలో ఉంచారు. పెద్దసారు ఒక సమావేశానికి పొరుగూరు వెళ్తూ మరీ మరీ చెప్పాడు: "నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. కదిపితే అన్నీ మధ్యకి చేరి అతుక్కుపోతాయి. దీపం వేడి తగిలినా కష్టమే. మీకు నేను చెప్పాలా అమ్మా?"

"అక్కర్లేదండి" అన్నది నిదానమ్మ. ఎందరికో ఆ మాట చెప్పిన మనిషే ఆమె.

మరునాడు కోడలి కంటే ముందు బస్సుకే వచ్చి, ఎవరూ రాకముందే ఆమె చీకటి పెట్టె ఉన్న గదిలో ఉన్నది. ఒక్క ప్లేటు, ఒక్క క్షణం అనుకున్నది. ఆ ప్లేట్ల కోసమే ప్రత్యేకించి, మరెవరూ వాడకుండా పక్కన పెట్టిన సూక్ష్మదర్శిని మీద దానిని నిలిపి, దీపం వీలయినంత తగ్గించి కళ్ళు ఆనించింది. గుండ్రని కణాలు, ఏ ఆచ్ఛాదనా లేకుండా, లోపలి పసుపు రేణువులు మెల్లగా కదులుతూ కనిపించినాయి. కొడుకు పుట్టిన నాడు పొత్తిళ్ళలో అతడి కడుపు ఎగసి పడుతుంటే చూసినట్టు చూసింది. ఆ క్షణం ఎంత సాగిందో ఆమెకు తెలియలేదు.

ఆ మరునాడు మళ్ళీ వెళ్ళి కళ్ళు ఆనించేసరికి రెండు బొమ్మలుగా కనిపించి ఏదీ స్పష్టపడలేదు. చూపు గొట్టాలు రెండూ బాగా దగ్గరకు జరిపి ఉన్నాయి. ఆమెది వెడల్పాటి మొహం. గొట్టాలను ఎప్పుడూ ఎడంగా జరుపుకుంటుంది, నిన్న కూడా అట్లాగే వదిలి వెళ్ళింది. అంత దగ్గరగా పెట్టుకుంటే గాని చూడలేని సన్నటి మొహం ఆ సంస్థలో ఒక్కటే ఉన్నది.

నిదానమ్మ గొట్టాల మీద చేయి వేసి అట్లాగే నిలబడిపోయింది. రాయి చేసుకున్నదనుకున్న మనసు, తన కళ్ళు కప్పి, దొంగతనంగా ఇక్కడికి వస్తున్నది. వాడిని చూడడానికి తాను కాక ఇంకొకరు కూడా వస్తున్నారు. ఇద్దరి చూపులూ కలిస్తే ఆ ప్లేట్లు ఎంతో కాలం నిలవవని ఆమెకు తెలుసు. సాయంత్రం బస్సులో పక్కనే కూర్చున్న కోడలితో ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"చలిగా ఉందా? కిటికీ వెయ్యమంటావా?" అన్నది.

"వద్దులెండి అత్తయ్యా. గాలి బావుంది" అన్నది కోడలు. ఆ అమ్మాయి పెదవుల మీద ఏదో వెలుగు ఉన్నది. దానిని చూసి అత్తగారు మిగిలిన మాట మింగివేసింది.

ఆ తరువాత ప్రతి ఉదయమూ గొట్టాలు దగ్గరగానే ఉన్నాయి. ప్రతి ఉదయమూ ఆమె వాటిని ఎడంగా జరిపింది. కోడలికి అది తోచలేదు కాబోలు. ఎవరు చూసినా కూర్చోగానే గొట్టాలు సరిచేసుకోవడం ఆ పనిలో రెప్ప వేసినంత మామూలు. కణాలు కొన్ని ప్లేటు నడుమకు జరిగినట్టు నిదానమ్మకు కనిపించింది. తన కళ్ళకే అట్లా తోచిందని సర్దిచెప్పుకున్నది. పనిలో చేరిన నాటి నుండి తొందర ఎరుగని చెయ్యి, ఆ రేకు కాగితాన్ని విప్పేటప్పుడు మాత్రం తొందరపడసాగింది.

పెద్దసారు తిరిగి వచ్చి ప్లేట్లు తెప్పించుకున్నాడు. ఒకటి చూశాడు, మరొకటి చూశాడు. కణాలన్నీ నడుమకు చేరి గుంపుగా అతుక్కుని, కొన్ని పగిలి, మిగిలినవి కుంచించుకుపోయి మట్టిరంగుకు తిరిగి ఉన్నాయి. గోడ కట్టుకున్నది ఒక్కటీ లేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇన్నేళ్ళుగా మార్చుకుంటూ వచ్చిన ఈ కణాల లైను బాగా ముసలిదైపోయిందమ్మా. ఓపిక లేదు దానికి. ఇందులో ఎవరి తప్పూ లేదు. మీరు చెయ్యగలిగిందంతా చేశారు" అన్నాడు. ఆ మంచి మాటకు అత్తాకోడళ్ళిద్దరూ నేల చూశారు.

చచ్చిన ప్లేట్లను అట్లాగే ఉంచితే గదిలోని మిగిలిన సీసాలకు ప్రమాదం. వాటిని ఆవిరి యంత్రంలో వేసి ఉడికించి పారవేయాలి. నిదానమ్మ ప్లేట్లను తీగబుట్టలో పేర్చుకుని కడుగుడు గదికి వెళ్ళింది. సీసాలాయన ఏదో హాస్యమాడబోయి, ఆమె మొహం చూసి, "టీ తాగొస్తానండీ" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. వెనకనే కోడలు వచ్చింది.

"అత్తయ్యా."

"ఊఁ."

"లైను ముసలిదై పోలేదు. నేను చంపాను." తొట్టి అంచు పట్టుకుని నిలబడి ఉన్నది ఆ అమ్మాయి. "రోజూ చూశాను. మధ్యాహ్నం మీరు భోజనానికి వెళ్ళినప్పుడు. ఇవాళొక్కసారే అనుకునేదాన్ని. రోజూ అదే అనుకున్నాను."

ఊరుకుంటే సరిపోయేది. పెద్దసారు తప్పు లేదన్నాడు. కోడలు తప్పంతా తన మీద వేసుకున్నది. నిదానమ్మ బుట్టను కింద పెట్టింది.

"నేనూ చూశానమ్మా. పొద్దున్నే. నువ్వు చూస్తున్నావనీ నాకు తెలుసు. మొదట్నుంచీ తెలుసు."

కోడలు తొట్టి అంచు వదిలి ఇటు తిరిగింది. "తెలిసి... నన్ను ఆపలేదా? వద్దే అని ఒక్క మాట అంటే ఆగిపోయేదాన్ని కదా! మనిద్దర్లో ఒక్కళ్ళం ఆగినా అవి బతికేవి కదా!"

"ఆగిపోయేదానివి. అందుకే అనలేదు." ఆమె బుట్టలోని ప్లేట్లను సర్దింది. "ఇన్నేళ్ళలో నువ్వు వాడి దగ్గరికి రావడం అదే మొదలు. వద్దంటే మళ్ళీ రావేమో అనిపించింది. ఒక్కదాన్నే చూస్తూ చూస్తూ... అలిసిపోయాను తల్లీ."

"నేను రాలేదా?" కోడలి గొంతు పెరిగింది. "ఎవరు రావద్దన్నారు? ఆయన్ని తెచ్చిన రోజు గదికి అడ్డం నిలబడింది మీరు కాదూ? చూడొద్దమ్మా, నువ్వు చూడలేవు అన్నారు. పెద్దవాళ్ళు కదా అని విన్నాను. గుడ్డ కప్పిన ముఖం మీదే కదా నేను ఏడ్చింది! ఇప్పటికీ నాకు ఆయన పోయినట్టుండదు. ఏ కొండ మీదో ఆలస్యమైనట్టే ఉంటుంది. బస్సు దిగితే చాలు, ముందు బూట్లున్నాయేమోనని గుమ్మం వైపు చూస్తాను. మీకేం, మీరు చూశారు. ఏడ్చి ఊరుకోగలిగారు. నాకు చూడ్డానికి ఏం మిగిల్చారు, ఈ ప్లేట్లు తప్ప?"

ఆ అమ్మాయి లేత మనసును కాపాడాననే నిదానమ్మ ఇన్నేళ్ళూ అనుకున్నది. అందుకు తనను తానే లోలోపల మెచ్చుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఆవిరి యంత్రం నీరు కాగి బుసబుసలాడుతున్నది. ఆమె మూత తీయలేదు. వంగి బుట్టలో నుండి ఒక ప్లేటు తీసుకుని, కోడలి చేయి పట్టుకుని సూక్ష్మదర్శిని గదికి నడిచింది. ప్లేటును సూక్ష్మదర్శిని మీద ఉంచి దీపాన్ని పూర్తిగా పెంచింది. తానే కుర్చీ జరిపి, "కూర్చో" అన్నది. "చూడు. ఎంతసేపైనా చూడు. ఇక దేనికీ ఏమీ కాదు."

కోడలు కూర్చుని కళ్ళు ఆనించింది. భుజాలు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. అత్తగారు పక్కనే నిలబడి ఆమె వీపు మీద చేయి వేసి ఉంచింది. కారిడారులో ఎవరో నవ్వుకుంటూ వెళ్ళారు.

"ఆయన ఎలా ఉన్నారు అత్తయ్యా?" అని తల ఎత్తకుండానే అడిగింది కోడలు. "ఆ రోజు. నిజం చెప్పండి."

"కుడివైపు మొహం ఏం మిగల్లేదమ్మా" అన్నది నిదానమ్మ. చెప్పనారంభించిన తరువాత ఆమెకు ఆగడం చేతకాలేదు. "రాయి తగిలింది. జుట్టంతా మట్టి. నేనే కడిగాను. గోళ్ళ సందుల్లో ఆ మొక్క పసుపు రసం ఉంది, ఎంత కడిగినా పోలేదు. ఎడమవైపు బానే ఉంది. నిద్రపోతున్నట్టే ఉంది, ఎప్పుడూ నోరు కొంచెం తెరిచి పడుకుంటాడే, అలాగే. నిన్ను ఆ వైపు నిలబెట్టి చూపించి ఉండాల్సింది. నాకు తోచలేదే. ఆ వైపు నిలబెడితే సరిపోయేది."